ఆరంకెల తాళం

ఆగండాగండి, పేజీ తిప్పేయకండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి వచ్చి కూర్చోండి, ఈ ముక్క నిలబడి వినేది కాదు.

పోయిన వారం ఎక్కడ ఆగాం? బయూ గ్రీజ్ అనే రేవు ఊళ్ళో, డెల్ఫీన్ జుట్టు సెలూన్‌లో, నోయెలీ కంప్యూటర్ ముందు కొయ్యబారి కూర్చుంది. ఆన్‌లైన్‌లో పంపిన పన్ను రిటర్ను రిజెక్టై వెనక్కొచ్చింది. కారణం ఒకే ఒక్క వాక్యం: భర్త అల్సిద్ లెడే తాలూకు ఆరంకెల రహస్య సంఖ్య ఇందులో వేయలేదు.

అల్సిద్ చనిపోయాడు కదా అంటారు. ఊరంతా అనేది అదే. నిరుడు అక్టోబరులో అతని రొయ్యల పడవ ఊరవతలి గల్ఫ్ సముద్రంలో తనంతట తాను గుండ్రంగా తిరుగుతూ దొరికింది. ఇంజను ఆడుతోంది, వలలు నీళ్ళలోనే ఉన్నాయి, మనిషి మాత్రం లేడు. శవం దొరకలేదు. ఫిబ్రవరిలో నోయెలీ కోర్టులో చెయ్యెత్తి, నా భర్త బతికి లేడు అని ప్రమాణం చేసింది, జడ్జి సంతకం పెట్టేశాడు. అలాంటి మనిషికి రహస్య సంఖ్య ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరు తీసుకున్నారు? ఆ ప్రశ్న దగ్గరే మనం ఆగిపోయాం.

సరే, ఇప్పుడు వినండి.

మర్నాడు సోమవారం. ఈస్టర్ ముందు వారం, పైగా పన్ను గడువుకి ముందు రోజు. అంటే డెల్ఫీన్ సెలూన్‌కి ఏడాది మొత్తంలో ఇంతకంటే రద్దీ ఉండదు. ఆవిడ ఏడాది పొడుగునా జుట్టు కత్తిరిస్తుంది, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పన్నులు కూడా చేస్తుంది. ఒక మూల అద్దాలూ కుర్చీలూ, ఇంకో మూల బల్లా కంప్యూటరూ. ఊళ్ళో సగం మంది తలలూ, మిగతా సగం మంది లెక్కలూ ఆవిడ చేతిలోనే ఉంటాయి. రంగు వాసనా కాఫీ వాసనా కలిసిపోయిన ఆ గదిలో, చాలామంది తమ రిటర్ను ఆమోదం పొందిందన్న కబురు తల తడిగా ఉండగానే విన్నారు.

ఆ రోజు మాత్రం డెల్ఫీన్ తలుపుకి 'మూసి ఉంది' బోర్డు తగిలించింది. లోపల ఒకే ఒక్క కస్టమర్ మిగిలింది. జుట్టుకి చుట్టలు చుట్టించుకుని, హెల్మెట్ లాంటి డ్రైయర్ కింద కూర్చున్న ఓరెలీ ముసలమ్మ. ఆవిణ్ణి మధ్యలో లేపితే ఈస్టర్ నాటికి జుట్టు నిలబడదు కాబట్టి లేపలేదు. ఎలాగూ డ్రైయర్ హోరులో ఆవిడకి ఏమీ వినపడదు.

నోయెలీ రాత్రంతా నిద్రపోలేదు. అది మొహం చూస్తేనే తెలుస్తోంది. డెల్ఫీన్ ఆమెకి జ్ఞానస్నానంలో తల్లి స్థానంలో నిలబడిన మనిషి. ఇక్కడ అలాంటి తల్లిని నన్నాన్ అంటారు. కన్నతల్లికి చెప్పుకోలేనివి కూడా నన్నాన్‌కి చెప్పుకోవచ్చు. నోయెలీ చెప్పుకున్నదొకటుంది. దాని దగ్గరికి వస్తున్నా.

"ఆ సంఖ్య ఏంటో ముందు నాకు అర్థమయ్యేలా చెప్పు, నన్నాన్," అంది నోయెలీ.

డెల్ఫీన్ కళ్ళజోడు జుట్టులోకి తోసుకుంది. "తాళం లాంటిది, షా," అంది, ఇక్కడ ముద్దుగా పిలిచే మాటతో. " మన గుర్తింపు నంబరు కొట్టేసి దొంగలు మన పేరుతో రిటర్నులు వేయకుండా పెట్టుకునే తాళం. అందరికీ ఉండదు, అడిగినవాళ్ళకే ఇస్తారు. ఏటా జనవరిలో మారిపోతుంది."

"ఎలా అడుగుతారు?"

"ఆన్‌లైన్‌లో ఖాతా తెరవాలి. లైసెన్సు చూపించాలి. తర్వాత ఫోను ముందు మొహం పెట్టాలి. ఇటు తిప్పు అంటుంది, అటు తిప్పు అంటుంది. తిప్పాలి."

"ఎవరి మొహం?"

"ఎవరి నంబరో వాళ్ళ మొహం."

 అల్సిద్‌ దగ్గర ఉన్నది పాతకాలపు మడత ఫోను కదా, అది ఫోటో కూడా సరిగ్గా తియ్యదు కదా అంది నోయెలీ. డెల్ఫీన్‌కీ తెలుసు. ఆ ఫోను పట్టుకుని రేవులో అందరి చేతా ఎగతాళి చేయించుకునేవాడు అల్సిద్. నన్ను ఎవడూ కనిపెట్టకూడదు, అందుకే ఇది అని నవ్వేవాడు. అప్పట్లో అది జోకు.

డెల్ఫీన్ ఓదార్పుగా ఒక దారి వెతికింది. పోయిన ఏడాది వసంతంలో వీళ్ళిద్దరి రిటర్ను తనే వేసింది, అప్పుడు ఏ సంఖ్యా అడగలేదు. అంటే ఆ తర్వాతే తీసుకున్నాడు. వేసవిలో రేవు దగ్గర ఎవరో వచ్చి, దొంగలున్నారు జాగ్రత్త అని అందరికీ చెప్పి వెళ్ళారు. ఎవరి ఫోనో అడిగి అప్పుడు తీసేసుకుని ఉండొచ్చు. బతికుండగా తీసుకున్న తాళం, మనిషి పోయాక కూడా అలాగే వేలాడుతూ ఉండొచ్చు. అందులో వింతేముంది?

"ఉండొచ్చు," అంది నోయెలీ. కుడి మణికట్టు ఎడమచేత్తో పట్టుకుని అంది. తనకి తెలియకుండానే పట్టుకుంటుంది.

ఆ మణికట్టు రెండుసార్లు విరిగింది. పడవ మీద జారిపడ్డాను అని రెండుసార్లూ ఆసుపత్రిలో చెప్పింది. ఆ అబద్ధం సంగతి తెలిసింది నన్నాన్‌ ఒక్కదానికే. పడవ ఖాళీగా దొరికిందని కబురొచ్చిన రోజు ఇంటి నిండా జనం, గంబో పులుసు కుండలతో ఆడవాళ్ళు, ఏడుపులు. నోయెలీ స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున ఏడిచింది. అది దుఃఖం కాదని తనకి తెలుసు. ఇన్నాళ్ళకి ఊపిరి ఆడింది. జనవరిలో ఊరు వదిలేసి, ఎగువనున్న బెల్ ఆన్స్ అనే ఊళ్ళో బాబిన్ బేకరీ మీద రెండు గదులు తీసుకుంది. కూతురు లిజెత్ ఇప్పుడు దీపం ఆర్పేసి పడుకుంటోంది. ఏడేళ్ళ పిల్ల, పుట్టాక మొదటిసారి చీకట్లో పడుకుంటోంది. నోయెలీకి కావలసిందల్లా అంతే. ఆ పిల్ల అలా పడుకుంటూ ఉండాలి. అల్సిద్ చచ్చినవాడు చచ్చినట్టే ఉండాలి.

డెల్ఫీన్ కంప్యూటర్ వైపు తిరిగింది. పని మొదలుపెడితే ఆవిడ గొంతు మారిపోతుంది, కత్తెర పట్టుకున్నప్పటిలాగే. మొగుడు పోయిన ఏడాదికి కూడా ఇద్దరి పేర్లతో కలిపి వేయొచ్చు, కానీ అలా వేస్తేనే అతని రహస్య సంఖ్య కావాలి అని చెప్పింది. విడిగా, నీ ఒక్కదాని పేరుతో వేస్తే అక్కర్లేదు. మొగుడి నంబరు ఒక గడిలో రాయాలి, అంతే, తాళం అడగదు. వాపసు కాస్త తగ్గుతుంది. తగ్గితే తగ్గనీ.

"అంటే అతని జోలికి పోనక్కర్లేదా?"

"అస్సలు పోనక్కర్లేదు. వాణ్ణి వాడి సముద్రానికి వదిలేద్దాం."

నోయెలీ మొదటిసారి కాఫీ కప్పు అందుకుంది. డెల్ఫీన్ అడుగుతూ పోయింది, ఆమె చెబుతూ పోయింది. స్కూలు వంటశాలలో జీతం ఎంత, లిజెత్ పుట్టిన తేదీ, ఇప్పుడుంటున్న చోటు. బాబిన్ బేకరీ మీద, రెండో అంతస్తు. డెల్ఫీన్ గోళ్ళు మీటల మీద టకటకలాడాయి. చివరికి ఒకసారి పైనుంచి కిందిదాకా చదివి, సిలువ గుర్తు వేసుకుని, పంపే బొత్తాం నొక్కింది. ఇక జవాబు కోసం ఆగాలి. ఒక్కోసారి తలకి రంగు పట్టేలోపే వచ్చేస్తుంది, ఒక్కోసారి సాయంత్రం దాకా రాదు.

గదిలో డ్రైయర్ హోరు తప్ప ఏమీ లేదు. అప్పుడు దాని కిందనుంచి ఓరెలీ ముసలమ్మ కేక పెట్టింది. చెవుల్లో అంత గాలి పెట్టుకుని మాట్లాడితే ఎవరిదైనా కేకే అవుతుంది.

"ఏవమ్మాయ్, నోయెలీ! నా మాస్ కార్డు అందిందా?"

అల్సిద్ ఆత్మ కోసం చర్చిలో పూజ చెప్పించి, చెప్పించానని పంపిన కార్డు అది. అందిందని నోయెలీ తలూపింది.

"పాటల పూజ చెప్పించా! ఊరికే చదివేసేది కాదు! వాడు కాస్త తాగేవాడు గానీ మంచోడు, పాపం. నువ్వు కొత్తింట్లో ఉన్నావని నాకు తెలీక పాతింటికి పంపా! మిసెస్ అల్సిద్ లెడే అని రాసి పంపా. పోతుందేమో అనుకున్నా, పోలేదు చూశావా! మన పోస్టు వాళ్ళు బంగారం!"

నోయెలీ నవ్వబోయింది. పక్కకి చూస్తే డెల్ఫీన్ నవ్వట్లేదు. ఆవిడ చెయ్యి కాఫీ కప్పు దగ్గర గాల్లోనే ఆగిపోయింది.

"అల్సిద్ పేరున్న కార్డు," అంది డెల్ఫీన్ నెమ్మదిగా, "కొత్తింటికి వచ్చిందా?"

"అన్నీ వచ్చాయి. అందరూ అలాగే రాస్తారు కదా."

రాస్తారు. ఈ ఊళ్ళో పెళ్ళయిన ఆడదానికి టపాలో సొంత పేరుండదు, మొగుడు పోయినా ఉండదు. మాస్ కార్డులన్నీ మొగుడి పేరు మీదే వస్తాయి.

"ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసులో కాగితం ఇచ్చావు కదా, షా. అందులో నీ ఒక్కదానికే మార్చమని రాశావా? కుటుంబం మొత్తానికా?"

నోయెలీ గుర్తు తెచ్చుకుంది. కిటికీ దగ్గర కూర్చునే మనిషే చెప్పింది. నీ పేరుకి మాత్రమే అని పెడితే నీ పేరున్నవే వస్తాయి, మిసెస్ అల్సిద్ అని ఉన్నవి పాతింట్లోనే పడతాయి, కార్డులు పోతాయి, జనం నొచ్చుకుంటారు అని. అందుకని కుటుంబం మొత్తం అన్న గడిలో టిక్కు పెట్టింది. అంతకంటే ఆలోచించలేదు. ఊళ్ళో విధవరాళ్ళంతా చేసేదే అది.

"అంటే పోస్టాఫీసు లెక్క ప్రకారం," అంది డెల్ఫీన్, "అల్సిద్ కూడా నీతోపాటు ఇల్లు మారాడు."

"పోస్టాఫీసుకేం? చచ్చినవాడికి టపా తెస్తే తెచ్చుకోనీ."

"పోస్టాఫీసు ఊరుకోదు. మారిన అడ్రసులన్నీ పన్ను వాళ్ళు దానిదగ్గరే తీసుకుంటారు, మనం చెప్పక్కర్లేదు. వాళ్ళే మార్చేసుకుంటారు." ఆవిడ ఆగింది. చెప్పకుండా ఉంటే బాగుణ్ణనిపించేలా ఆగింది. "ఆ రహస్య సంఖ్య తీసుకునే ఖాతా ఉంది చూడు. తెరవగానే పైన పేరుంటుంది. పేరు కింద అడ్రసుంటుంది."

నోయెలీ కళ్ళ ముందు ఎక్కడో ఒక గది కనిపించింది. ఏ ఊరో తెలియదు. మంచం అంచున కూర్చుని, కొత్త ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని, చెప్పినట్టల్లా తల ఇటు తిప్పి అటు తిప్పే మనిషి. తిప్పడం అయ్యాక కింద మెల్లగా తెరుచుకునే రెండు లైన్లు. బాబిన్ బేకరీ. రెండో అంతస్తు.

"ఏంటా గుసగుసలు?" అంది డ్రైయర్ కిందనుంచి ఓరెలీ. "నాకు చెప్పరా?"

"నీ జుట్టు గురించే, తాంత్," పెద్దమ్మని పిలిచినట్టు డెల్ఫీన్ గొంతు పెంచి అంది. "ఊదారంగు కాస్త ఎక్కువైందేమో అనుకుంటున్నాం."

"ఎక్కువైతే నీ మీద దావా వేస్తా!" అని ఆవిడ మళ్ళీ పత్రికలో తల దూర్చింది.

నిజానికి అప్పటికింకా ఏమీ తేలలేదని డెల్ఫీన్ అంటూనే ఉంది. వేసవిలోనే తీసుకుని ఉంటే ఈ అడ్రసు చూసే మనిషే లేడు, ఖాతా ఎవరూ తెరవకుండా అలాగే పడి ఉంటుంది. మనం ఊరికే దయ్యాన్ని పిలుచుకుంటున్నాం. విడిగా వేసిన రిటర్ను ఆమోదం పొందిందంటే ఈ గొడవే ఉండదు, ఈ గుడ్ ఫ్రైడేకి క్రాఫిష్ రొయ్యలు ఎన్ని బస్తాలు ఉడకబెట్టాలో ఆలోచించుకోవచ్చు. అలా అంటూ ఉండగానే కంప్యూటర్ చిన్నగా మోగింది.

తెర మీద ఎర్ర అక్షరాలు. మళ్ళీ రిజెక్టే.

ఇద్దరూ ఒకేసారి ముందుకి వంగారు. ఈసారి కారణం వేరేది. డెల్ఫీన్ పెదవులు కదిలిస్తూ చదివింది, మళ్ళీ మొదటినుంచి చదివింది. నోయెలీ భుజం మీద చెయ్యి వేసి, వేసిన చెయ్యి తియ్యకుండా చెప్పింది. నీ నంబరుతో ఈ ఏడాదికి ఇంకో రిటర్ను అప్పటికే ఆమోదం పొందింది. అందులో నువ్వు భార్యవి. భార్యాభర్తలు కలిసి వేసిన రిటర్ను అది.

"మనం నిన్న పంపిందేనేమో," అంది నోయెలీ. "పొరపాటున తీసుకున్నారేమో."

"వెనక్కొచ్చినదాన్ని వాళ్ళు వేసినట్టే లెక్కపెట్టరు."

"అయితే దొంగలు. నువ్వే అన్నావుగా, దొంగలుంటారని. ఎవరో నంబర్లు కొట్టేశారు."

ఆ మాట నిజమైతే ఎంత బాగుండునో డెల్ఫీన్ మొహంలో కనిపించింది. దొంగలైతే చాలు. దొంగలకి డబ్బు కావాలి, మనుషులు అక్కర్లేదు.

"నిన్న మనల్ని ఆపిందేంటి, షా?" అంది. "అతని ఆరంకెలు లేవని ఆపింది. కలిపి వేసే రిటర్ను ఎవరు పంపినా ఆ గోడ దగ్గర ఆగాల్సిందే. ఇది ఆగలేదు. నిన్న మనం పంపినప్పటికి ఇలాంటిది ఉండి ఉంటే, ఇప్పుడు చెప్పినట్టే అప్పుడూ చెప్పేది. చెప్పలేదు. అంటే ఇది నిన్నటికీ ఇవాల్టికీ మధ్య వెళ్ళింది. జనవరి తర్వాత ఖాతా తెరిస్తే గానీ కనపడని ఈ ఏడాది ఆరంకెలూ సరిగ్గా వేసుకుని వెళ్ళింది."

 పన్నులకి అల్సిద్ ఎప్పుడూ ఆఖరి రోజు దాకా ఆగేవాడు. ఏటా ఈ వారంలోనే ఇదే కుర్చీలో వచ్చి కూలబడి, కాగితాలు చుట్టచుట్టి బల్ల మీద పడేసి, డెల్ఫీన్ తిడుతుంటే నవ్వేవాడు. చచ్చాక కూడా అలవాటు మానలేదన్నమాట. 

"నేను సంతకం పెట్టలేదు కదా. నా సంతకం లేకుండా ఎలా తీసుకుంటారు?"

కంప్యూటర్లో సంతకం అంటే అంకెలే అని డెల్ఫీన్ చెప్పింది. నీ పుట్టిన తేదీ, పోయిన ఏడాది రిటర్నులో ఉన్న ఆదాయం, ఇంకో ఐదంకెలు మనకి తోచినవి. పోయిన ఏడాది రిటర్ను ఇద్దరిదీ ఒకటే, కాపీ పడవలో ఉండేది. అతనికి తెలియనిది ఏముంది అందులో?

నోయెలీ మణికట్టు వైపు చూసుకుంది. ఎక్కడో ఆ గదిలో కూర్చుని వాడు ఈ చెయ్యి పట్టుకుని, మెలితిప్పి, కాగితం మీద పెట్టి, తన పేరు రాయించినట్టే ఉంది. ఇంత దూరంనుంచి. నొప్పి కూడా లేకుండా.

"ఎందుకు?" అంది. "పారిపోయినవాడు పారిపోయినట్టు ఉండొచ్చుగా. ఎందుకు ఇలా?"

 జవాబు ఇద్దరికీ తెలుసు. డబ్బు కోసమైతే తన ఒక్కడి పేరుతో వేసుకునేవాడు. పక్కన ఆమె పేరు కూడా పెట్టాడు. భార్య అన్న చోట పెట్టాడు. ఇవాళ కాకపోతే రేపైనా ఆమెది రిజెక్ట్ అవుతుందనీ, ఆమె వచ్చి ఈ కుర్చీలోనే కూర్చుంటుందనీ, ఈ ఎర్ర అక్షరాలు చదువుతుందనీ వాడికి తెలుసు. ఉత్తరం రాయాలంటే ఇంతకంటే ఏం రాస్తాడు?

డెల్ఫీన్ లేచి ప్రింటర్‌లోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఇలాంటి రిజెక్టుకి ఇక కంప్యూటర్‌లో మందు లేదు అంది. నీ అసలు రిటర్ను కాగితం మీద ప్రింటు తీసి, నా పేరుతో వేరేవాళ్ళు వేశారు, అది నేను చేయలేదు అన్న ప్రమాణపత్రం జతచేసి పోస్టులో పంపాలి. అప్పుడు వాళ్ళు ఆ దొంగ రిటర్నుని ఆపి తవ్వుతారు. గడువు గురించి బెంగపడకు, దానికి దారులున్నాయి. బెంగపడాల్సింది వేరే ఉంది.

"ఇది నువ్వు రాశావంటే, ఎవరు చేశారని అడుగుతారు. అల్సిద్ బతికున్నాడని నీ చేత్తో నువ్వు రాయాలి. కోర్టులో చెయ్యెత్తి చచ్చాడని చెప్పిన చేత్తోనే. జడ్జి పిలిపిస్తాడు. వాడి రిటర్ను ఆగిపోగానే, ఆపింది ఎవరో వాడికీ తెలుస్తుంది."

"రాయకపోతే?"

"రాయకపోతే అది అలాగే ఉంటుంది. నువ్వు ఒప్పుకున్నట్టే. ఈ ఏడాది కూడా నువ్వు వాడి పెళ్ళానివే."

అవతల డ్రైయర్ టక్కున ఆగిపోయింది. ఇంతసేపూ ఉన్న హోరు పోయేసరికి గది మరీ బోలుగా అయిపోయింది. ఓరెలీ ముసలమ్మ తల బయటికి తీసి, చుట్టలు తడిమి చూసుకుంటూ, ఇప్పుడు మామూలు గొంతుతోనే అంది.

"అన్నట్టు మర్చేపోయా. పొద్దున బెల్ ఆన్స్‌లో రొట్టె కోసం బాబిన్ దగ్గరికెళ్ళా. వాళ్ళావిడ అంటోంది, లెడే వాళ్ళ పేరు మీద ఏదో టపా వస్తుందట, పక్కన తీసిపెట్టమని ఎవరో మగాయన ఫోన్ చేసి చెప్పాడట. మీ బంధువులా?"

 గోడ గడియారం కింద బల్ల మీద ఆ ప్రమాణపత్రం ఖాళీగా ఉంది, దాని పక్కన డెల్ఫీన్ మూత తీసి పెట్టిన పెన్ను ఉంది. ఇంకాసేపట్లో బడి వదులుతారు. లిజెత్ సంచి భుజాన వేసుకుని, రోజూలాగే ఒక్కతే, వేడి రొట్టెల వాసన వచ్చే దారమ్మట నడుచుకుంటూ ఆ బేకరీకే వస్తుంది.

నోయెలీ పెన్ను అందుకుంది. విరిగి అతికిన చేత్తో అందుకుంది. రాస్తే వాడు బతికొస్తాడు, రాయకపోతే తను వాడి పెళ్ళాంగా మిగిలిపోతుంది, రెంటిలో ఏది చేసినా ఆ రెండో అంతస్తు అడ్రసు వాడి దగ్గర ఉండనే ఉంది.

ఆ కుర్చీలో మీరుంటే, ఆ పెన్ను మీ చేతిలో ఉంటే, ఏం చేస్తారు?